3డీ స్లైసర్: ఎనిమిదేళ్లుగా వాడుతున్నదాని రివ్యూ, అందులో వచ్చిన అంకెని రిపోర్ట్‌లో ఎందుకు రాయనో కూడా

రేడియాలజీ పీజీ చేస్తున్నప్పుడు 2017లో థీసిస్ కోసం మొదటిసారి 3డీ స్లైసర్ అనే స్కాన్లు చూసే సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకున్నా, అప్పట్నుంచి లాప్‌టాప్‌లు మూడు మారాయి గానీ కొత్తది కొన్న రోజే ఫస్ట్ ఇన్‌స్టాల్ చేసేది మాత్రం ఇదే. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్‌లో పనిచేస్తున్నా, రోజంతా సీటీలు ఎమ్మారైలు, అందులో ఎక్కువ భాగం లివర్ కేసులే. మా పీజీలు, సర్జరీ వాళ్లు, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు అందరూ నన్ను అడిగేది ఒకటే, "మేడమ్ స్లైసర్ బాగుంటుందా, పేషెంట్ల మీద వాడొచ్చా?" అని. ఇవి రెండు వేరే వేరే ప్రశ్నలు, మొదటిదానికి ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు, చాలా బాగుంటుంది. రెండోదానికే ఇంత రాయాల్సొస్తోంది.

ముందు తెలియనివాళ్ల కోసం. 1998లో బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ సర్జికల్ ప్లానింగ్ ల్యాబ్, ఎంఐటీ ఏఐ ల్యాబ్ కలిసి ఒక స్టూడెంట్ మాస్టర్స్ థీసిస్‌గా మొదలైన సాఫ్ట్‌వేర్ ఇది, తర్వాత రాన్ కికినిస్ లాంటివాళ్లు అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ గ్రాంట్లతో ఇన్నేళ్లు నిలబెట్టారు. పైసా కట్టక్కర్లేదు, కోడ్ మొత్తం ఓపెన్, విండోస్ మ్యాక్ లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. సీటీ గానీ ఎమ్మారై గానీ డైకామ్ ఫైల్స్ (స్కానర్ ఇచ్చే ఇమేజ్ ఫైల్స్) లోపల వేస్తే మూడు యాంగిల్స్‌లో స్లైసులు, పక్కన 3డీ బొమ్మ వస్తాయి. అసలు ప్రాణం మాత్రం సెగ్మెంట్ ఎడిటర్, అంటే ఇది లివర్, ఇది ట్యూమర్, ఇది లివర్‌కి రక్తం తెచ్చే పోర్టల్ వెయిన్ అని మనం రంగులు వేసి విడదీసే చోటు. గ్రో ఫ్రమ్ సీడ్స్ అని ఒక టూల్ ఉంది, లివర్ మీద రెండు గీతలు, బయట రెండు గీతలు గీస్తే మిగతాది అదే నింపుకుంటూ పోతుంది, అది మొదటిసారి చూసిన రోజు రాత్రి రెండింటి దాకా నిద్రపోలేదు నేను. థీసిస్‌లో 40 కేసులు చేత్తో గీయాల్సింది, దీనివల్ల నెలల పని వారాల్లో అయ్యింది.

నేర్చుకోవడం కష్టమే, అది ముందే చెప్పేస్తున్నా. మెనూలో మాడ్యూల్స్ వందకి పైనే ఉంటాయి, ఏది ఎక్కడుందో మొదటి నెల అర్థం కాదు, ర్యామ్ 8 జీబీ ఉన్న లాప్‌టాప్‌లో పెద్ద సీటీ వేసి 3డీ చూపించమంటే ఫ్యాన్ విమానంలా మోగుతుంది. వర్షన్ మారిస్తే ఎక్స్‌టెన్షన్స్ మళ్లీ వేసుకోవాలి. ఇవన్నీ ఓర్చుకోగలిగినవే, రెండు నెలలు కూర్చుంటే చెయ్యి తిరుగుతుంది.

నాకు దీనిమీద ఎంత ఇష్టమో చెప్పాలంటే ఒక దవడ కేసు చెప్పాలి. మన దగ్గర గుట్కా, ఖైనీ వల్ల నోటి క్యాన్సర్‌తో వచ్చేవాళ్లు ఎక్కువ, కింది దవడ సగం తీసేసి కాలి ఎముక ఫిబులా తెచ్చి కొత్త దవడ కట్టాల్సి వస్తుంది, టైటానియం ప్లేట్‌ని ఆ వంపుకి తగ్గట్టు వంచడం ఆపరేషన్ టేబుల్ మీద చేస్తే గంట పైనే పోతుంది. మా ప్లాస్టిక్ సర్జన్ అడిగితే స్లైసర్‌లో ఎముక విడదీసి, 3డీ ప్రింటర్ చదివే ఎస్టీఎల్ ఫైల్ చేసి, బయట ప్రింటింగ్ చేసేవాళ్ల దగ్గర ప్లాస్టిక్ దవడ చేయించి ఇచ్చాం, ఆయన ముందురోజే ప్లేట్ వంచి పెట్టుకున్నారు. ఆ మోడల్ పేషెంట్ భార్య చేతిలో పెట్టి ఎక్కడ కోస్తారో చూపిస్తే, అప్పటిదాకా తల ఊపుతూ కూర్చున్న ఆవిడ మొదటిసారి ప్రశ్నలు అడిగింది. "అన్నం నమలగలడా సార్?" అంది సర్జన్‌తో. స్లైసర్ వల్ల నాకు దొరికిన అతి పెద్ద లాభం అదే అనిపిస్తుంది నాకు.

కానీ ఇక్కడ కూడా ఒక జాగ్రత్త ఉంది, ఎస్టీఎల్ ఫైల్‌కి యూనిట్లు ఉండవు, స్లైసర్ మిల్లీమీటర్లలోనే ఇస్తుంది గానీ ప్రింటర్ వైపు సాఫ్ట్‌వేర్ ఏమనుకుంటుందో అది వేరే సంగతి, పైగా స్మూతింగ్ ఎక్కువ కొడితే ఎముక అంచులు అరిగిపోతాయి. అందుకే ప్రింట్ వచ్చాక రెండు కాండైల్స్ (దవడ కీలు దగ్గరుండే గుండ్రటి చివరలు) మధ్య దూరం కాలిపర్‌తో కొలిచి, ప్యాక్స్‌లో, అంటే హాస్పిటల్ స్కాన్లన్నీ దాచే సిస్టమ్‌లో, సీటీ మీద కొలిచినదానితో సరిపోయాకే సర్జన్‌కి ఇస్తాం.

ఇప్పుడు రెండో ప్రశ్న. స్లైసర్ కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఓపెన్ చేయగానే ఒక చిన్న డబ్బా వస్తుంది, ఈ సాఫ్ట్‌వేర్ క్లినికల్ వాడకం కోసం ఉద్దేశించినది కాదు అని. కింద మళ్లీ చూపించొద్దు అని టిక్ బాక్స్. మనందరం టిక్ పెట్టేసి ముందుకు వెళ్లిపోతాం, నేనూ అంతే. లైసెన్స్ చదివితే ఇంకా గట్టిగా రాసి ఉంటుంది, రీసెర్చ్ కోసమే తయారుచేశాం, ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే సంస్థ) గానీ ఇంకే సంస్థ గానీ దీన్ని పరిశీలించలేదు, ఆమోదించలేదు, క్లినికల్ వాడకాన్ని మేం సిఫార్సు చేయట్లేదు అని పెద్దక్షరాల్లో. వాడొద్దని చట్టంతో ఆపట్లేదు వాళ్లు, వాడితే ఆ బాధ్యత, పర్మిషన్లు అన్నీ నీవే అంటున్నారు.

చాలా ఏళ్లు నేను దీన్ని ఫార్మాలిటీ అనుకున్నా. ఇంత మంచి సాఫ్ట్‌వేర్, ప్రపంచమంతా పేపర్లు రాస్తున్నారు, అప్రూవల్ అంటే ఫీజు కట్టి తెచ్చుకునే కాగితమే కదా అనుకునేదాన్ని. నా ఆలోచన మారింది ఒక లివర్ డోనర్ కేసులో, అది వివరంగా చెప్తా.

తండ్రికి లివర్ ఇవ్వడానికి వచ్చిన కొడుకు. బతికున్న మనిషి నుంచి లివర్ కుడి లోబ్ (కుడివైపు భాగం) తీసేటప్పుడు రెండు లెక్కలు చూస్తాం, ఇచ్చే ముక్క తీసుకునేవాళ్ల బరువులో కనీసం 0.8 శాతం ఉండాలి అనేది ఒకటి, ఇచ్చినవాళ్ల దగ్గర మిగిలేది మొత్తం లివర్‌లో ఎంత శాతం అనేది రెండోది. ఈ రెండోదానికి చాలా సెంటర్లు 30 నుంచి 35 మధ్య గీత గీసుకుంటాయి, మా సర్జన్లు 35 అంటారు. ఆరోగ్యంగా నడిచొచ్చిన మనిషి మీద చేసే ఆపరేషన్ కాబట్టి ఆ అంకె దగ్గర ఎవరూ మొహమాటపడరు. సీటీ వేరే చోట తీశారు, సీడీ తెచ్చారు. మా జూనియర్ చాలా తెలివైనవాడు, చురుకైనవాడు, సాయంత్రం మీటింగ్ కంటే ముందే సీడీ నుంచి స్లైసర్‌లో వేసేసి లెక్క తీసేశాడు. ఎడమ 436 మిల్లీలీటర్లు, కుడి 745, మొత్తం 1181, మిగిలేది దాదాపు 37 శాతం. బొమ్మ కూడా చాలా అందంగా వచ్చింది, వెయిన్లు నీలం, లోబ్‌లు రెండు రంగులు, సర్జన్ల వాట్సాప్ గ్రూప్‌లో అందరూ బొటనవేళ్లు పెట్టారు.

మా డిపార్ట్‌మెంట్‌లో పెద్దాయన ఒక పాత అలవాటు వదలరు, డోనర్ లెక్క ఏదైనా మెడికల్ డివైజ్‌గా లైసెన్స్ ఉన్న వర్క్‌స్టేషన్ మీద ఆయన ముందు మళ్లీ చేయాలి. ఆ స్కాన్ తీసిన చోటు నుంచి ఒరిజినల్ సిరీస్ మా ప్యాక్స్‌కి తెప్పించి చేశాం. ఎడమ 435, కుడి 855, మొత్తం 1290. మిగిలేది 33.7 శాతం.

ఎడమ వైపు ఒక్క మిల్లీలీటర్ తేడా, కుడి వైపు 110! రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని వెతికితే తేలింది, సీడీలో 14 ఇమేజిలు లేవు. మిల్లీమీటర్ స్లైసులు కాబట్టి 14 మిల్లీమీటర్ల మందం, అదీ లివర్ కింది భాగంలో, అక్కడ ఉండేది కుడి లోబ్ ఒక్కటే. అంటే మధ్యలోంచి ఒక ముక్క మాయమైతే కుడివైపే తగ్గుతుంది, మొత్తం తగ్గుతుంది, దాంతో ఎడమవైపు శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. డోనర్‌కి ప్రమాదమైన వైపుకే తప్పు వెళ్లింది. స్లైసర్ దాన్ని దాచలేదు, లోడ్ చేసేటప్పుడే చెప్పింది, ఇమేజిల మధ్య దూరం సమానంగా లేదు, అంతా 1 మిల్లీమీటర్ అనుకుని లోడ్ చేస్తున్నా, జాగ్రత్తగా వాడండి అని. మావాడు ఓకే నొక్కాడు. ఆ డబ్బాలు రోజుకి ఇరవై చూసిన చెయ్యి ఓకే నొక్కుతుంది, నేనైనా నొక్కేదాన్నేమో. తప్పు పూర్తిగా మాది, అందులో సందేహం లేదు. ఆ అబ్బాయిని డోనర్‌గా పక్కన పెట్టారు, తర్వాత వాళ్ల బాబాయి ముందుకొచ్చారు, ఆయన లెక్కలు సరిపోయాయి.

ఆ రాత్రి ఇంటికెళ్తూ కారులో అనుకున్నా, ఒకవేళ పెద్దాయన ఆ రోజు సెలవులో ఉంటే? ఆ 37కి ఎవరు జవాబుదారీ? బోస్టన్‌లో కోడ్ రాసినవాళ్లు కాదు, వాళ్లు మొదటి డబ్బాలోనే చెప్పారు. అమ్మిన కంపెనీ లేదు. మా జూనియర్ సంతకం కూడా లేదు దానిమీద. ఒక మనిషి కడుపు కోయాలా వద్దా చెప్పే అంకెకి వెనక ఎవరూ లేరు. రెగ్యులేటరీ అప్రూవల్ అంటే ఏంటో నాకు అప్పుడు అర్థమైంది, ఈ వర్షన్, ఈ పని కోసం, ఈ పరిమితుల్లో వాడితే వచ్చే అంకెకి మేం జవాబు చెప్తాం అని ఒకరు పేరు రాసి ఒప్పుకోవడం.

దానికోసం వాళ్లు ఏం చేయాలో చూస్తే ఎందుకు టైమ్ పడుతుందో తెలుస్తుంది. ఐఈసీ 62304 అని మెడికల్ సాఫ్ట్‌వేర్ తయారీకి ఒక స్టాండర్డ్ ఉంది, సాఫ్ట్‌వేర్ తప్పు చేస్తే మనిషికి ఎంత హాని అన్నదాన్ని బట్టి ఏ, బి, సి అని క్లాసులు పెట్టి, ప్రతి అవసరాన్నీ ప్రతి టెస్ట్‌నీ రాతలో పెట్టాలి. ఐఎస్ఓ 14971 అనే ఇంకో స్టాండర్డ్ ప్రకారం ఏమేం తప్పు జరగొచ్చో ముందే లిస్ట్ రాసుకోవాలి, స్లైసులు మిస్ అయితే ఏం చేయాలి అన్నది అందులో ఉండాల్సిన ప్రశ్న, వట్టి వార్నింగ్ సరిపోతుందా లేక లెక్క ఇవ్వకుండా ఆపేయాలా అని అక్కడ ఎవరో కూర్చుని తేల్చాలి. రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఆపకూడదు, రీసెర్చర్‌కి విరిగిన డేటాతో కూడా పనుంటుంది. రెండిటికీ పని వేరు.

వర్షన్ సంగతి కూడా చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మెదడు ఎమ్మారైలో భాగాల సైజు కొలిచే ఫ్రీసర్ఫర్ అని ఇంకో రీసెర్చ్ సాఫ్ట్‌వేర్ ఉంది, 2012లో నెదర్లాండ్స్ మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ వాళ్లు అవే స్కాన్లని దాని వేర్వేరు వర్షన్లలో నడిపి చూశారు. వాల్యూమ్‌లో సగటున 8.8 శాతం తేడా, కొన్ని భాగాల్లో 64 శాతం దాకా. కంప్యూటర్ మార్చినా, మ్యాక్ ఆపరేటింగ్ సిస్టమ్ వర్షన్ మార్చినా కూడా అంకెలు కదిలాయి, అవి ఇంతకంటే చిన్న తేడాలు. రీసెర్చ్‌లో అందరినీ ఒకే వర్షన్‌లో నడిపితే సరిపోతుంది. కానీ పోయినేడాది ఒక వర్షన్‌లో, ఈ ఏడాది ఇంకో వర్షన్‌లో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్‌ని కొలిచి "మీ అమ్మగారి హిప్పోకాంపస్ తగ్గింది" అని రిపోర్ట్ ఇస్తే, తగ్గింది మెదడా లెక్కా?

అలాగని రీసెర్చ్ కోడ్ ఎప్పటికీ క్లినిక్‌లోకి రాదని కాదు. ఫ్రీసర్ఫర్ వెనకున్న ముఖ్యుల్లో ఒకరైన ఆండర్స్ డేల్ పెట్టిన కంపెనీ నుంచే న్యూరోక్వాంట్ వచ్చింది, 2006లో ఎఫ్‌డీఏ క్లియరెన్స్ తెచ్చుకుంది. మ్యాక్ వాడేవాళ్లకి ఇంకా తెలిసిన ఉదాహరణ ఒసిరిక్స్, రోసే, రాటిబ్ అనే ఇద్దరు డాక్టర్లు ఓపెన్ సోర్స్‌గా మొదలుపెట్టారు, ఇప్పుడు ఒసిరిక్స్ ఎండీకి ఎఫ్‌డీఏ క్లియరెన్స్ ఉంది, ఫ్రీగా ఇచ్చే లైట్ వర్షన్ మెడికల్ వాడకానికి కాదు, ఆ పాత కోడ్ నుంచే పుట్టిన హోరోస్‌కీ ఆ సర్టిఫికెట్ లేదు. ఒకే వేరు నుంచి మూడు కొమ్మలు, స్క్రీన్ మీద పక్కపక్కన పెడితే తేడా తెలియదు. స్లైసర్ మీద కట్టిన కమర్షియల్ ప్రొడక్ట్స్ కూడా ఉన్నాయి, అక్కడ కంపెనీ స్లైసర్‌లో తనకి కావల్సిన ముక్క తీసుకుని, ఒక వర్షన్ దగ్గర తాళం వేసి, టెస్ట్ చేసి, ఆ ప్రొడక్ట్‌కి పర్మిషన్ తెచ్చుకుంటుంది. అంచేత "స్లైసర్‌కి ఎఫ్‌డీఏ ఎప్పుడొస్తుంది" అని ఎదురుచూసేవాళ్లకి చెప్పేది, పర్మిషన్ ఒక ప్రొడక్ట్‌కి, ఒక పనికి వస్తుంది, ఇలాంటి వర్క్‌షాప్ మొత్తానికి రాదు.

ఇంకో మాట, బ్రోషర్‌లో "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని చూసి ఆగిపోవద్దు. ఇమేజ్ ప్రాసెసింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కువగా 510(కె) దారిలో వస్తుంది, అంటే ఇప్పటికే మార్కెట్‌లో ఉన్న ఇలాంటిదానితో సమానం అని చూపించి తెచ్చుకున్న క్లియరెన్స్. అప్రూవల్ అనే మాట ఇంకా రిస్క్ ఎక్కువున్న పరికరాలకి పెట్టే గట్టి పరీక్షది. క్లియరెన్స్ తక్కువేమీ కాదు, కానీ ఏ పనికి ఇచ్చారో చదవాలి, ఊపిరితిత్తుల నాడ్యూల్‌కి (చిన్న గడ్డకి) క్లియరెన్స్ ఉన్నదాన్ని లివర్‌కి వాడితే ఆ కాగితం మనల్ని కాపాడదు.

మన దేశం సంగతికొస్తే, ఇక్కడ రూల్స్ లేవు అనేది పాత మాట. మెడికల్ డివైజెస్ రూల్స్ 2017లో వచ్చాయి, 2020 ఫిబ్రవరి నోటిఫికేషన్‌తో సాఫ్ట్‌వేర్ కూడా డివైజ్ కిందకి వచ్చేసింది, ఆ ఏప్రిల్ 1 నుంచి అమలు. రిస్క్‌ని బట్టి ఏ, బి, సి, డి క్లాసులు, ఏ బి లకి 2022 అక్టోబర్ నుంచి, సి డి లకి 2023 అక్టోబర్ నుంచి లైసెన్స్ తప్పనిసరి దశ మొదలైంది. కాబట్టి మీ హాస్పిటల్‌కి ఎవరైనా ఏఐ సాఫ్ట్‌వేర్ అమ్మడానికి వస్తే డెమో చూసేముందు లైసెన్స్ చూపించమనండి. బయట దేశానిదైతే ఎండీ-15 ఫారంలో ఇచ్చిన లైసెన్స్, ఇక్కడ తయారైతే క్లాస్‌ని బట్టి ఎండీ-5 లేదా ఎండీ-9. అందులో ప్రొడక్ట్ పేరు, ఏ పనికి అన్నది చూసుకోండి. నేను అడిగితే ఒకాయన నవ్వి, "మేడమ్, క్లౌడ్‌లో ఉంటుంది కదా, డివైజ్ ఏముంది?" అన్నాడు. క్లౌడ్‌లో ఉన్నా పేషెంట్ మన దగ్గరే ఉన్నాడు కదా.

యూరప్‌లో ఒక దారి నాకు నచ్చుతుంది, 2021 మే నుంచి అమల్లో ఉన్న ఎండీఆర్‌లో, అంటే వాళ్ల మెడికల్ డివైజ్ చట్టంలో, హాస్పిటల్ తనకోసం తనే తయారుచేసుకున్న డివైజ్‌ని తన లోపలే వాడుకోవచ్చు, క్వాలిటీ సిస్టమ్ ఉండాలి, డాక్యుమెంట్స్ రాయాలి, మార్కెట్‌లో దానికి సమానమైనది దొరకట్లేదని చూపించాలి, బయటికి ఇవ్వకూడదు. పెద్ద హాస్పిటల్స్‌కి ఇలాంటి దారి స్పష్టంగా ఉంటే స్లైసర్ లాంటివి చాటుమాటుగా వాడే పని తప్పుతుంది. ఎందుకంటే వాడకం ఆగదు, ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ లక్షల్లో ఉంటుంది, జిల్లా ఊళ్లలో సర్జన్ ఏం చేస్తాడు? ఆయన్ని తిట్టాలని నాకు లేదు. విశాఖలో మెడ్‌టెక్ జోన్, సుల్తాన్‌పూర్‌లో డివైజ్ పార్క్ పెట్టుకున్న రాష్ట్రాలు మనవి, స్లైసర్ మీద మన పిల్లలు ఒక లివర్ లెక్కో, ఒక దవడ ప్లానింగో కట్టి లైసెన్స్ దాకా తీసుకెళ్తే అది అందరి అందుబాటులో ఉండే ధరకి వస్తుందని నిజంగా నమ్ముతున్నా. వాళ్లలో ఎవరైనా మొదలుపెడితే కేసులు చూసిపెట్టడానికి నేను రెడీ.

ఇప్పుడు నేను ఎలా వాడుతున్నానంటే. టీచింగ్‌కి, థీసిస్‌కి, పేషెంట్ ఇంట్లోవాళ్లకి చూపించడానికి, సర్జన్‌తో కూర్చుని ఏ వెయిన్ ఎటు పోతోందో మాట్లాడుకోవడానికి కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తా, ఐదుకి ఐదు. టోటల్‌సెగ్మెంటేటర్ అని స్విట్జర్లాండ్ బాసెల్ వాళ్ల ఏఐ ఎక్స్‌టెన్షన్ కూడా వేసుకోండి, అవయవాలు, ఎముకలు, కండరాలు, రక్తనాళాలు కలిపి వందకి పైగా భాగాలు దానంతట అదే విడదీస్తుంది, వాళ్లూ ఇది మెడికల్ డివైజ్ కాదనే రాశారు, అదే గౌరవంతో వాడండి. రీసెర్చ్‌గా పేషెంట్ మీద ఏదైనా చేయాలంటే ఎథిక్స్ కమిటీకి వెళ్లండి, కన్సెంట్ తీసుకోండి, లైసెన్స్ లేని కొత్త డివైజ్‌నే మనుషుల మీద పరీక్షించాలంటే ఎండీ-22లో అప్లై చేసి పర్మిషన్ తెచ్చుకునే దారి ఉంది. రిపోర్ట్‌లో సంతకం కింద వెళ్లే అంకె మాత్రం లైసెన్స్ ఉన్నదాంట్లోంచే. అలా లైసెన్స్ ఉన్నది తప్పు చేస్తే కంపెనీకి రాయడమే కాదు, వైద్య పరికరాల వల్ల జరిగే హాని మీద ఫిర్యాదులు తీసుకునే, 2015 నుంచి నడుస్తున్న మెటీరియోవిజిలెన్స్ ప్రోగ్రామ్‌కి కూడా రిపోర్ట్ చేయొచ్చు, చేయాలి.

మా జూనియర్ ఇప్పుడు సీనియర్ రెసిడెంట్. కొత్త పీజీలకి స్లైసర్ క్లాస్ వాడే చెప్తాడు. సెగ్మెంట్ ఎడిటర్ తెరవడానికి ముందు సిరీస్‌లో మొదటి ఇమేజ్ నంబర్, చివరి ఇమేజ్ నంబర్, మొత్తం ఎన్ని అన్నది పేపర్ మీద రాయిస్తాడు, మూడూ సరిపోకపోతే ఆ రోజు క్లాస్ అక్కడితో ఆపేసి ప్యాక్స్ రూమ్‌కి పంపిస్తాడు.